నొప్పి తగ్గింది, ఎముక ఇంకా పట్టుకోలేదు

కోనసీమలోని ఒక పల్లె నుంచి యాభై నాలుగేళ్ళ సోదరి రాసిన ఉత్తరమిది. పేరూ ఊరూ వేయవద్దన్నారు. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమె భర్త కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. ఒక్కతే కూతురు, ఆరేళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. మూడో తరగతి చదివే మనవడు అమ్మమ్మ దగ్గరే ఉంటున్నాడు. కుడివైపు కింది దవడ పన్ను పుచ్చిపోతే రెండేళ్ళ కిందట తీయించేశారు. అప్పటినుంచి అన్నీ ఎడమవైపే నమలడం. వీడియో కాల్‌లో అమ్మ అన్నం తినే తీరు చూసి కూతురు పట్టుబట్టి డబ్బు పంపింది. నవంబరు మొదటి వారంలో దగ్గర్లోని పట్నంలో ఇంప్లాంట్ (పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే లోహపు మర) వేయించుకున్నారు. మూడు రోజులు చెంప బాగా వాచి, తర్వాత తగ్గింది. పదో రోజున కుట్లు తీశారు. మూడు నెలలు ఆగి పన్ను పెడతామన్నారు డాక్టరు.

కుట్లు తీశాక నొప్పి పూర్తిగా పోయింది. దాంతో మామూలు తిండి మొదలుపెట్టారు. ఆపరేషన్ కోసమని ఆపిన పొడుం కూడా మళ్ళీ మొదలైంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారిని చూసి అలవాటైందట, పొద్దున్నే టిఫిన్ అయ్యాక పొగాకు పొడుం చిగుళ్ళకి రాసుకోవడం. "ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు పొగాకు అలవాటేమైనా ఉందా అని అడిగారు. పక్కన మనవడున్నాడు. లేదండి అనేశాను. మా అమ్మాయికి ఎప్పుడో మానేశానని వాడి మీద ఒట్టు వేసి చెప్పాను" అని రాశారు. నాలుగు వారాలు దాటాక, చిగురు మీద కనిపించే చిన్న మెటల్ మూత నాలుక తగిలినప్పుడు కదులుతున్నట్టు అనిపించింది. రెండుసార్లు వేలితో తిప్పి బిగించుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే సిగ్గు.

అత్తగారు లవంగనూనె, పసుపు పెట్టమంటున్నారు. భర్త "డబ్బంతా గోదాట్లో పోశాం" అంటున్నారు. వేరే డాక్టరైతే వారంలో పన్ను పెట్టేస్తారని తోటికోడలు చెబుతోంది. కూతురు సంక్రాంతికి నెల రోజుల సెలవు మీద వస్తోంది, ఫోన్ చేసినప్పుడల్లా "పన్ను పెట్టారా అమ్మా?" అని అడుగుతోంది. ఈమెకి ఐదేళ్ళుగా షుగర్ ఉంది, ఈమధ్య చేయించిన మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) 7.8 వచ్చింది. "ఇంప్లాంట్ పోయినట్టేనా? అమ్మాయి వచ్చేలోపు పన్ను పెట్టించుకోవచ్చా? తనకేం చెప్పను? ఒట్టు తప్పినందుకే ఇలా అయిందా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మిగతా భయాలన్నిటికీ మూలం అదే అనిపించింది. ఒట్టు తప్పినందుకు మూత వదులవలేదు. మూతకున్న మర వెనక్కి తిరిగితే అది వదులవుతుంది. చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా పాటించినవాళ్ళకీ అవుతుంది. ఆ మూతని మొదట్లో కొద్దిగా మాత్రమే బిగిస్తారు. నాలుక మాటిమాటికీ అక్కడికే వెళ్తుంది, తినేటప్పుడు గట్టి పదార్థాలు తగులుతాయి, అలా అలా కాస్త వదులవుతుంది. పొడుం చేసే నష్టం వేరే ఉంది, దాని సంగతి వివరంగానే రాస్తాను. కానీ ఆ రెండిటినీ కలిపి మనవడి మీద ఒట్టుకి శిక్షగా అనుకుని, రాత్రుళ్ళు నిద్ర మానుకోకండి. మీ మనవడికి దీనివల్ల ఏమీ కాదు.

ఇప్పుడు మీ నోట్లో ఏముందో చూద్దాం. అసలు ఇంప్లాంట్ ఎముక లోపల ఉంటుంది. అది టైటానియంతో చేసిన మర, మీకు కనపడదు. దాని పైన బిగించి, చిగురు మీదికి కనిపించేలా పెట్టినదే ఆ మూత, డాక్టర్లు హీలింగ్ క్యాప్ అంటారు. రేపు పన్ను కూర్చోవడానికి వీలుగా చిగురు తన చుట్టూ మానేలా చూడడమే దాని పని. కాబట్టి కదులుతున్నది మూత ఒక్కటే కావచ్చు, లేదా లోపలి మరే కదులుతుండవచ్చు. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

మూత ఒక్కటే అయితే పని చిన్నది. డాక్టరు దాన్ని తీసి, లోపల కడిగి, మళ్ళీ బిగిస్తారు. మత్తు సూది కూడా సాధారణంగా అక్కర్లేదు. మీరు రాసినదాన్ని బట్టి, తిప్పితే బిగిసిందనీ, నొప్పి, వాపు, చీము ఏవీ లేవనీ అంటున్నారు కాబట్టి, ఇదే అయ్యుండే అవకాశం ఎక్కువ. కానీ ఉత్తరం చదివి తేల్చే విషయం కాదిది. డాక్టరు చేత్తో పట్టి చూడాలి, ఎక్స్‌రే తీయాలి. ఇంప్లాంట్ ఎంత గట్టిగా ఉందో కొలిచే చిన్న పరికరం కొన్ని క్లినిక్కుల్లో ఉంటుంది. మీ డాక్టరు దగ్గర ఉంటే అదీ పెట్టి చూస్తారు.

లోపలి మరే కదులుతుంటే మాత్రం దాన్ని తీసేయాల్సి వస్తుంది. దాచకుండా చెబుతున్నాను. ఎముక పట్టని ఇంప్లాంట్‌ని అలాగే ఉంచితే చుట్టూ ఉన్న ఎముక కూడా కరిగిపోతుంది, తర్వాత ఇంకొకటి వేయడం కష్టమవుతుంది. తొందరగా తీసేస్తే కొన్ని నెలల్లో ఆ చోటు మానుతుంది, చాలామందికి అక్కడే రెండోసారి వేయవచ్చు. ఖర్చు విషయం అప్పుడే మొహమాటం లేకుండా అడగండి. పన్ను పెట్టకముందే పోతే మళ్ళీ పూర్తి డబ్బు తీసుకోని డాక్టర్లు చాలామంది ఉన్నారు. అందరూ అలా ఉండరు, అడగడమే మంచిది.

అందుకే రేపో ఎల్లుండో వెళ్ళండి. ఈలోపు ఆ మూతని వేలితో ముట్టుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. మీరు మూత బిగిస్తున్నాననుకుంటారు, ఎముక ఇంకా పట్టని దశలో ఆ బలానికి లోపలి మర కూడా తిరిగిపోవచ్చు. ఊడి చేతికి వస్తే కడిగి చిన్న డబ్బాలో వేసుకుని పట్టుకెళ్ళండి, మీరే తిరిగి పెట్టుకోవద్దు. ఊడిపోయాక నాలుగైదు రోజులు ఊరుకుంటే చిగురు దాని మీదికి మూసుకుపోతుంది, అప్పుడు మత్తిచ్చి చిగురు కొద్దిగా తెరవాల్సి వస్తుంది. నిద్రలో ఊడి మింగేస్తే సాధారణంగా దానంతటదే బయటికి పోతుంది, కంగారు వద్దు, డాక్టరుకి చెబితే చాలు. దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నొప్పి పోయింది కదా, మరి ఇంకా పట్టకపోవడమేంటి అని మీకు అనిపించవచ్చు. మీవారికీ అదే అనుమానం ఉన్నట్టుంది. ఇంప్లాంట్ వేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నొప్పి చిగురుకి సంబంధించినది. చిగురు వారం పది రోజుల్లో మానిపోతుంది, నొప్పి పోతుంది. ఎముక పని మాత్రం అప్పటికి ఇంకా మొదట్లోనే ఉంటుంది, అది ఏ నొప్పీ లేకుండా లోలోపల జరుగుతుంది. 1952లో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే వైద్యుడు కుందేళ్ళ కాలి ఎముకల్లో టైటానియం పరికరాలు పెట్టి పరిశోధన చేస్తుంటే, చివర్లో వాటిని ఊడదీయడం సాధ్యం కాలేదు. ఎముక ఆ లోహాన్ని పట్టేసింది. 1965లో ఆయన మొదటిసారి మనిషి దవడలో వాడారు. ఈనాటి ఇంప్లాంట్లన్నీ ఆ గుణం మీదే ఆధారపడ్డాయి. కానీ ఆ పట్టుకోవడానికి కింది దవడలో మూడు నెలల వరకు, ఎముక మెత్తగా ఉండే పై దవడలో నాలుగు నుంచి ఆరు నెలల వరకు పడుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆపరేషన్ రోజున ఇంప్లాంట్ గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే మర పళ్ళు ఎముకలో బిగుసుకుని ఉంటాయి. తర్వాత ఒంట్లో సహజంగా జరిగే పని ఏమిటంటే, మర చుట్టూ నలిగిన పాత ఎముక కొద్దిగా కరుగుతుంది, ఆ స్థానంలో కొత్త ఎముక పుడుతుంది. పాతది కరిగి కొత్తది ఇంకా గట్టిపడని సమయం ఒకటుంది, ఇంచుమించు మూడు నాలుగు వారాల దగ్గర. ఇంప్లాంట్ అప్పుడే అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. ఊడ్పులయ్యాక నారు మూన తిరిగేదాకా చేలో కాలు పెట్టనివ్వరు కదా, ఇదీ అంతే. మీకు ఆ రోజులు రాకముందే నొప్పి పోయింది, మామూలు తిండి మొదలైంది, పొడుం మొదలైంది. ఇది మీ తప్పు అనడానికి చెప్పడం లేదు. బాగున్నట్టు అనిపించే రోజుల్లోనే ఎందుకు జాగ్రత్త కావాలో మీకు ఎవరూ విడమరిచి చెప్పలేదని నాకనిపిస్తోంది.

ఇక పొడుం. గోదావరి లంకల్లో పొగాకు పండే ప్రాంతం మనది. అమ్మలూ అత్తలూ చుట్టలు, పొడుం వాడుతుంటే చూస్తూ పెరిగినవాళ్ళకి అదొక దురలవాటుగా కూడా అనిపించదు. ఎవరైనా అడిగినప్పుడే సిగ్గేస్తుంది. డాక్టరుకి లేదని చెప్పిన మొదటి మనిషి మీరు కాదు, పళ్ళ డాక్టర్లకి ఇది కొత్త కాదు. కానీ చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించండి. పొగాకులోని నికోటిన్ చిగుళ్ళలోని సన్నటి రక్తనాళాల్ని కుంచించుకుపోయేలా చేస్తుంది. ఎముక కట్టాల్సిన చోటికి రక్తం తగ్గుతుంది. పొగతాగేవాళ్ళలో ఇంప్లాంట్లు విఫలం కావడం ఎక్కువని బాగా రుజువైన విషయం. పొడుంలో పొగ లేదు గానీ నికోటిన్ అదే, పైగా నేరుగా చిగురుకే తగులుతుంది. షుగర్ 7.8 ఉన్న మనిషిలో మానడం ఎలాగూ కొంచెం నెమ్మది. ఈ రెండూ తెలిసిన డాక్టరైతే ఇంకో నెల ఆగుదామంటారు. తెలియని డాక్టరు మూడు నెలలు నిండగానే పన్ను పెట్టేస్తారు. ఆయన లెక్క తప్పితే నష్టపోయేది మీరు.

చెప్పడానికి నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, వెళ్ళేముందే ఫోన్ చేసి డాక్టరుతోనో అక్కడి నర్సుతోనో చెప్పేయడం. ఎదురుగా కూర్చుని చెప్పేకంటే చాలామందికి ఇది తేలిక. రెండోది, ఈసారి మనవణ్ణి ఇంట్లో ఉంచి వెళ్ళడం, కుర్చీలో కూర్చోగానే "అప్పుడు చెప్పలేదండి, నేను పొడుం వాడతాను, కుట్లు తీశాక మళ్ళీ మొదలుపెట్టాను" అనేయడం. ఈ ఒక్క మాట చాలు, సంజాయిషీ అక్కర్లేదు. డాక్టరు కోప్పడతారేమో అంటారా, కోప్పడినా ఆ కోపం రెండు నిమిషాలు ఉంటుంది. ఇంకో మాట. ఇన్నేళ్ళుగా పొడుం పెట్టుకుంటున్న చోట చిగురు, చెంప లోపలి భాగం ఒకసారి చూడమని మీరే అడగండి. తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ, మానని పుండు ఉంటే తొందరగా తెలియాలి. నోటి క్యాన్సర్ తొలిదశలో దొరికితే నయం చేసే అవకాశం చాలా ఎక్కువ. ఇంప్లాంట్ కంటే ఈ పరీక్షే నాకు ముఖ్యంగా అనిపిస్తోంది.

పొడుం మానడం గురించి కూడా ఒకే ఆజ్ఞ ఇవ్వలేను. పూర్తిగా మానేస్తే అన్నిటికీ మంచిది, మొదటి వారం మాత్రం చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. అంత ధైర్యం చాలదనిపిస్తే, పన్ను పెట్టేదాకా అయినా ఆపండి. అలా కొన్ని నెలలు గడిపినవాళ్ళలో కొందరు మళ్ళీ దాని జోలికి పోరు. కొద్దికొద్దిగా తగ్గించుకోవడం మూడో దారి. మీ ఇంప్లాంట్‌కి ఇది పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే కీలకమైన నెలలు ఇవే. పొగాకు ప్యాకెట్ల మీద ఒక నంబరు ముద్రించి ఉంటుంది, 1800-112-356. అది పొగాకు మానాలనుకునేవాళ్ళకి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. నికోటిన్ చూయింగ్ గమ్ కొనుక్కోమని ఎవరైనా చెబితే ఇప్పుడు వద్దు, నమలడం మంచిది కాదు. ప్యాచ్ లాంటిది పనికొస్తుందేమో డాక్టరుని అడగండి. పొడుం బదులు జర్దా కిళ్ళీ అసలే వద్దు. అత్తయ్యగారు ఎదురుగా కూర్చుని పొడుం తీస్తుంటే మానడం మీకు కష్టం. ఆ వయసులో ఆవిణ్ణి మానమనలేం గానీ, టిఫిన్ అయ్యాక ఆ కాసేపు మీరు పెరట్లోకి వెళ్ళి ఏదో పని పెట్టుకోవచ్చు.

ఆవిడ చెప్పిన లవంగనూనె వద్దు. పచ్చి చిగురు మీద అది మంట పుట్టిస్తుంది, కొన్నిసార్లు పైపొర కాలిపోతుంది కూడా. పసుపు ముద్ద మూత చుట్టూ ఇరుక్కుని శుభ్రం చేయడానికి అడ్డవుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించడం మాత్రం మంచిదే. "డాక్టరు ఉప్పునీళ్ళు చెప్పారత్తయ్యా" అంటే ఆవిడ మాటా కాదన్నట్టుండదు.

సంక్రాంతి విషయానికొద్దాం. మీ ముందు నాలుగు దారులున్నాయి.

డాక్టరు చెప్పిన గడువు ప్రకారం ఫిబ్రవరి మొదటి వారం దాకా ఆగడం ఒకటి. పండక్కి పన్ను ఉండదు. అది లోపలి దవడ పన్ను, నవ్వినా కనపడదు. రెండేళ్ళు ఎడమవైపు తిన్నారు, ఇంకో రెండు నెలలు తినగలరు. ఇంప్లాంట్ నిలిచే అవకాశం ఇందులోనే ఎక్కువ.

జనవరి మొదట్లోనే పెట్టమని మీ డాక్టరుని అడగడం రెండోది. ఎముక గట్టిగా ఉండి, కొలత బాగా వస్తే రెండు నెలలకే పన్ను పెట్టే సందర్భాలు ఉన్నాయి. ఆయన చూసి సరేనంటే నేను కాదనను. కానీ మీ షుగర్, పొడుం, ఈ మూత కదలడం అన్నీ కలిపి చూస్తే, తొందరపడటానికి సరైన కేసుగా నాకు అనిపించడం లేదు.

తోటికోడలు చెప్పిన వేరే డాక్టరు సంగతి మూడోది. వారంలో పళ్ళు పెట్టడం అబద్ధం కాదు, అలాంటి పద్ధతులున్నాయి. అవి ఎక్కువగా దవడ మొత్తానికి కలిపి చేసేవి, ఇంప్లాంట్లు వేసేటప్పుడే ఆ లెక్కతో వేస్తారు. ఒకరు ఆగుదామన్న లెక్కతో వేసిన మర మీద ఇంకొకరు హడావుడిగా పన్ను పెడితే, తేడా వచ్చినప్పుడు ఇద్దరూ బాధ్యత తీసుకోరు. పైగా ఒక కంపెనీ ఇంప్లాంట్‌కి ఇంకో కంపెనీ భాగాలు సరిపోకపోవచ్చు. రెండో అభిప్రాయం కావాలంటే తప్పకుండా తీసుకోండి, భీమవరం, రాజమండ్రిల్లో డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అభిప్రాయం తీసుకోవడం వేరు, చికిత్స మధ్యలో చేతులు మార్చడం వేరు.

నాలుగోది నాకు బాగా నచ్చింది. మీ అమ్మాయి సెలవు నెల రోజులు కదా. ఫిబ్రవరి మొదటి వారానికి తను ఇక్కడే ఉండేలా వీలైతే, పన్ను కొలత తీసుకునే రోజున తననే వెంట తీసుకెళ్ళండి. డాక్టరు చెప్పేది తను స్వయంగా వింటుంది, ఎక్స్‌రే చూస్తుంది. తను పంపిన డబ్బు ఏమైందో మీరు లెక్క చెప్పనక్కర్లేదు, తన కళ్ళతోనే చూసుకుంటుంది. ల్యాబ్ నుంచి పన్ను రావడానికి మామూలుగా వారం పది రోజులు పడుతుంది, అది తను వెళ్ళాక పెట్టించుకున్నా పర్వాలేదు.

తనకి ఏం చెప్పాలన్నది అసలైన బరువు, నాకు తెలుసు. మూత వదులైన సంగతి దాచడంలో అర్థం లేదు. అయితే డాక్టరుని కలిశాక చెప్పండి. ముందే చెబితే అంత దూరంలో ఉన్న పిల్ల ఏం చేయాలో తెలియక ఏడుస్తుంది. "మూత వదులైంది, వెళ్ళి బిగించుకొచ్చాను, ఎక్స్‌రే ఇలా ఉందన్నారు" అని చెబితే అది వార్త, అంతే. పొడుం సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ నిర్ణయం. చెబితే బాధపడుతుంది, ఒట్టు గురించి గట్టిగానే అడుగుతుంది, ఒకటి రెండు రోజులు సరిగ్గా మాట్లాడదేమో. చెప్పకపోతే తను వచ్చిన నెల రోజులూ మీరు చాటుగా పొట్లం విప్పాలి. చూసి చెప్పేయడానికి ఇంట్లో మనవడున్నాడు. వాడు చెబితే తెలియడం కంటే మీరు చెబితే తెలియడం నయమని నా ఉద్దేశం. "మానలేకపోయాను, ఇప్పుడు మానుతున్నాను, నువ్వొచ్చేసరికి ఇన్ని రోజులైంది" అని చెప్పగలిగితే ఇంకా మంచిది. తనూ ఇళ్ళల్లో పనిచేసి కష్టపడే మనిషి, అలవాటు అంత తేలిగ్గా వదలదని తనకి తెలియకపోదు.

తిండి విషయంలో ఈ రెండు నెలలూ కుడివైపు ఏమీ నమలొద్దు. ఇడ్లీ, పొట్టిక్కలు, మెత్తటి అన్నంలో పప్పు, ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప మీకు సరిపోతాయి. ప్రొటీన్ బాగా ఉండాలి, గాయం మానడానికి అది కావాలి. పండక్కి జంతికలు, చెక్కలు, తేగలు, చెరకు ముక్క, పచ్చి కొబ్బరి జోలికి వెళ్ళొద్దు. ఎడమవైపు నములుతున్నా ముక్కలు అటువైపు వచ్చి పడతాయి. అరిసె మెత్తగానే ఉంటుంది గానీ మూతకి అంటుకుని లాగుతుంది, షుగర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ 7.8ని 7 దగ్గరికి తెచ్చుకుంటే ఎముకకీ మంచిది, మీకూ మంచిది.

మూత చుట్టూ బ్రష్ చేయడానికి భయపడుతున్నానని కూడా రాశారు. మూత గట్టిగా బిగించాక మెత్తటి బ్రష్‌తో రోజుకి రెండుసార్లు నెమ్మదిగా తోమాలి. అక్కడ పాచి పేరుకుంటేనే చిగురు వాస్తుంది. డాక్టరిచ్చిన పుక్కిలించే మందు క్లోర్‌హెక్సిడిన్ అయితే చెప్పిన రోజులే వాడండి, ఎక్కువ వాడితే పళ్ళు గోధుమరంగుకి మారతాయి, రుచి తెలియదు. బొగ్గుపొడి, ఎర్ర పళ్ళపొడి, ఇటుకపొడి వద్దు.

ఇలాంటి ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళూ దీన్ని చదువుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. మొదటి రోజు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, కొబ్బరిబోండం స్ట్రాతో తాగకూడదు, గ్లాసులో పోసుకోవాలి. లేకపోతే గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది. వాపు రెండో మూడో రోజుకి ఎక్కువై తర్వాత తగ్గుతుంది, అది మామూలే. మూడు రోజుల తర్వాత వాపు పెరుగుతున్నా, జ్వరం, చీము ఉన్నా, మత్తు దిగిపోయాక కూడా కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉన్నా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. ముఖ్యంగా మొద్దుబారడం, దవడ నరానికి సంబంధించినది. రేపు చూద్దాం అనుకోకూడదు.

అంతా బాగుండి పన్ను పెట్టాక దాన్ని ఎలా చూసుకోవాలని అడిగారు. ఇంప్లాంట్ పుచ్చిపోదు, నిజమే. చుట్టూ ఉన్న చిగురు, ఎముక మాత్రం జబ్బు పడతాయి. సొంత పన్నుకీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఉంటుంది, దాన్నిబట్టే గట్టిగా కొరికితే తెలుస్తుంది, ఏదైనా అయితే సలుపుతుంది. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు. అందుకని చిగురు లోపల చీము పట్టినా చాలాకాలం నొప్పి తెలియదు. తోమేటప్పుడు రక్తం, నొక్కితే చీము, నోట్లో చెడు రుచి, ఇవే మీకు తెలిసే గుర్తులు. నొప్పి కోసం ఎదురుచూడకూడదు. పక్క పన్నుకీ దీనికీ మధ్య సందుని రోజూ రాత్రి సన్నటి సందుల బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి. మందుల షాపుల్లో దొరుకుతుంది, ఏ సైజు కావాలో డాక్టరు చెబుతారు. పిన్నీసుతో పళ్ళ సందులు కుట్టుకునే అలవాటుంటే ఇక వద్దు. ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి, మొదట్లో ఏడాదికొకసారి ఎక్స్‌రే తీయడం మంచిది. ఇలా చూసుకున్నవాళ్ళలో పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలుస్తున్నాయి. మీవారికి ఈ మాట చెప్పండి, గోదాట్లో ఏమీ పోయలేదు.

రేపు వెళ్ళేటప్పుడు షుగర్ రిపోర్టు, వేసుకునే మందుల చీటీ పట్టుకెళ్ళండి. మీ ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు, నంబరు ఉన్న స్టిక్కరు ఇమ్మని అడిగి, మందుల ఫైల్లో అంటించుకోండి. రేపు ఏ ఊళ్ళో ఏ డాక్టరుకి చూపించాల్సి వచ్చినా అదే ఆధారం. గుండె జబ్బుకో దేనికో రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, వాడుతున్నానని చెప్పండి. మోకాళ్ళ నొప్పులని ఉత్తరంలో ఒక చోట రాశారు, దానికి ఎవరైనా ఎముకల బలానికని ఏడాదికొకసారి ఇచ్చే ఇంజెక్షన్ గానీ, వారానికొకసారి వేసుకునే మాత్ర గానీ ఇచ్చి ఉంటే ఆ చీటీ కూడా తీసుకెళ్ళండి. అలాంటి కొన్ని మందులు దవడ ఎముక మానడాన్ని దెబ్బతీస్తాయి, డాక్టరు ఆ సంగతి ముందే తెలుసుకోవాలి.